వట్టివేరు గట్టు

పానకాలు మీద యేసుపాదానికి ఉన్న కోపం నిన్నటిది కాదు. మిరపతోటకు దుక్కి దున్నించిన ప్రతిసారీ పానకాలు రోటావేటర్‌ని సరిగ్గా గట్టు మొదట్లోకి తోలిస్తాడు. జానెడు ఎడం వదలమంటే వదలడు. ఆ ఇనప పళ్ళు వట్టివేరు దుబ్బులను అటువైపు నుంచి చెక్కుకుంటూ పోతాయి. ఒక చెంప గీసి రెండో చెంప వదిలేసిన గడ్డంలాగా తయారవుతుంది గట్టు. పోయిన జూన్‌లోనూ అంతే చేశాడు. "ఇదేం పనండీ, మనుషులేనా మీరు?" అని యేసుపాదం అడిగితే, "గడ్డిక్కూడా నొప్పులుంటయ్యంట్రా?" అని నవ్వి పోయాడు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా యేసుపాదం చేతిలో కొడవలి కాస్త విసురుగా ఆడుతుంది.

ఇప్పుడూ అలాగే ఆడుతోంది. డిసెంబరు పొద్దు. మిరపతోట మీద మంచు ఇంకా లేవలేదు. లుంగీ మడిచి కట్టి, తలకు తువ్వాలు చుట్టి, ఎడమ మోకాలు వంగనందువల్ల ఆ కాలు పక్కకు చాపుకుని, గట్టు వెంట జరుగుతూ కోస్తున్నాడు. ఎడమచేత్తో పిడికెడు ఆకు పట్టుకోవడం, మోకాలెత్తున కోయడం, కోసిన ఆకును తన వైపు పత్తిచెట్ల మొదట్లో పరవడం, వానలకు కొట్టుకొచ్చి ఆగిన ఒండ్రును రెండు చేతులతో దుబ్బుకు ఎగదోసి తట్టడం. మళ్ళీ ఇంకో పిడికెడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. అరచేతుల్లో సన్నసన్న గాట్లు. ఆ ఆకు అంచు రంపం లాంటిది, ఎన్నేళ్ళు పట్టినా చేతిని కోయడం మానదు. గొడ్డు కూడా ముదురాకుకు మూతి పెట్టదు.

తెలియనివాళ్ళు దాన్ని గడ్డి అంటారు. గరిక గడ్డి, తుంగ గడ్డి. అవి పాకుతాయి, పొలాన్ని మింగుతాయి. వట్టివేరు పాకదు. పెట్టినచోట దుబ్బు కట్టి కూర్చుంటుంది. వానలు వెనకపట్టాక ఊదారంగు కంకి తీస్తుంది గానీ దాని గింజ పడి ఎక్కడా మొలవగా యేసుపాదం చూడలేదు. వేరు పక్కలకు పోదు, నిట్టనిలువునా దిగుతుంది, ఇద్దరు మనుషుల లోతు. ఈ నల్లరేగడి ఎండాకాలం పిడికిలి పట్టేంత నెర్రెలిచ్చి వానాకాలం మూసుకుంటుంది. అందులో పాతిన చీమకుర్తి రాయి పదేళ్ళకు ఒక పక్కకు ఒరుగుతుంది, ఇరవై ఏళ్ళకు సగం లోపలికి పోతుంది. వట్టివేరు మాత్రం ఎండకు ఎండి, వానకు మునిగి, నిప్పంటుకుని బూడిదైనా సరే, తొలకరికి అదేచోట పచ్చగా లేస్తుంది. ఆ దుబ్బుల మొదట్లో కౌజుపిట్టలు గుడ్లు పెడతాయి. వాటికోసం యేసుపాదం వారం రోజులు కోత ఆపిన సందర్భాలున్నాయి.

అందుకే అద్దంకి చుట్టుపక్కల పదకొండు ఊళ్ళలో హద్దు తగాదా వస్తే ఒకప్పుడు యేసుపాదానికి కబురొచ్చేది. అన్నదమ్ముల పంపకమైనా, ఇరుగుపొరుగు పోట్లాటైనా అతనే పిలకలు తెచ్చి నాటాలి. దానికొక పద్ధతి ఉండేది. తాడు ఒక కొస ఒకరు పట్టుకోవాలి, రెండో కొస రెండోవారు పట్టుకోవాలి. తాడు వెంట ఇతను పిలకలు పెట్టుకుంటూ పోతాడు. చివరి పిలక పెట్టాక ఒక ఇంటి నుంచి అన్నం, ఇంకో ఇంటి నుంచి పప్పు గట్టు మీదకు రావాలి. రెండూ ఒకే ఆకులో కలిపి నాటినవాడు తినాలి, ఇద్దరూ నిలబడి చూడాలి. అంతే. కాగితం లేదు, సంతకం లేదు. ఆ తరువాత ఎవరైనా హద్దు దాటి నాగలి పెడితే ఆ అన్నంలో ఉమ్మేసినట్టు. అలా నలభై మూడు గట్లు నాటాడు యేసుపాదం. ఒక్కదాని మీద కూడా ఇంతవరకూ కోర్టుకు పోలేదు. ఆ అన్నమూ పప్పూ గట్టు మీదకే ఎందుకొస్తాయో, ఒక్కనాడైనా ఇంట్లోకి పిలిచి ఎందుకు పెట్టరో అతనికి తెలుసు. ఊరి అవతలి పల్లెవాడికి పెట్టే అన్నం గడప దాటి బయటకు రావలసిందే. అయినా ఆ ముద్ద అతనికి ఇష్టంగానే ఉండేది. ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషులు చేతులు కట్టుకుని తాను తినేదాకా నిలబడటం ఇంకెక్కడ జరుగుతుంది!

ఈ గట్టు అతను నాటింది కాదు, అతని నాయన జక్రయ్య నాటింది. క్రైస్తవ మిషను హాస్టల్లో పంతొమ్మిదేళ్ళు వంట చేసి, పొయ్యి ముందు చూపు మందగించాక, కూడబెట్టిన దాంతో జక్రయ్య ఎకరం ఇరవై సెంట్లు కొన్నాడు. పల్లెలో అప్పటికి సొంత పొలం ఉన్న ఇల్లు అదొక్కటే. కొన్న ఏడే ఉప్పెనొచ్చింది. పాత గట్లన్నీ కొట్టుకుపోయి, ఎవరి పొలం ఎక్కడిదాకానో తెలియకుండా నేలంతా ఒకటే బురద అయింది. మరుసటేడు తొలకరికి జక్రయ్య గుండ్లకమ్మ ఒడ్డుకు పోయి వట్టివేరు దుబ్బులు పెరికి, మోపు కట్టి నెత్తిన పెట్టుకొచ్చాడు. తాడు ఒక కొస జక్రయ్య పట్టుకున్నాడు, రెండో కొస పానకాలు నాయన మంగయ్య పట్టుకున్నాడు. యేసుపాదం ఆ రోజు అయిదో తరగతి మానేసి పిలకలు అందించాడు. మర్నాడూ అందించాడు. ఆ తరువాత బడికి పోవడమే మరిచిపోయాడు.

ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. పెరికిన వేళ్ళ మీద వాన పడితే లేచే వాసన. అమ్మ ఆ వేళ్ళు చుట్ట చుట్టి మంచినీళ్ళ కుండలో వేసేది. హాస్టలు కిటికీలకు ఎండాకాలం వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లితే, పిల్లలు లెక్కలు చేస్తూ చేస్తూ నిద్రపోయేవారట. నాయన చెప్పి చెప్పి నవ్వేవాడు. అప్పుడు దున్నేది ఎద్దులు. ఎద్దు దుబ్బు దగ్గరికి రాగానే ఆకు మూతికి తగిలి తనంతట తానే తిరిగేది. ట్రాక్టరుకు మూతి లేదు.

తొమ్మిదింటికి సర్వేయరమ్మ వచ్చింది. పేరు గీతాంజలి, మంగళగిరి పిల్ల, మగ్గం నేసేవాళ్ళ ఇంటి నుంచి చదువుకుని ఉద్యోగంలోకి వచ్చింది. తెల్ల టోపీ, భుజాన సంచి, చేతిలో మనిషెత్తు కడ్డీ. కడ్డీ కొసన మూకుడంత మిషను. ఊరంతా కొత్తగా కొలుస్తున్నారు. ఇవాళ వంతు యేసుపాదానిదీ, పానకాలుదీ. వెనకే పానకాలు బుల్లెట్ బండి మీద వచ్చాడు. యేసుపాదం ఈడువాడే, ఒకే బడిలో ఒకే పలకల మీద దిద్దినవాడే. ఎదురుగా ఉన్నప్పుడు 'గారు', 'మీరు' అంటాడు యేసుపాదం. లేనప్పుడు 'వాడు'.

"ఏందిరా, గట్టుకి క్షవరం చేసి కూచోబెట్టావు? పెళ్ళిచూపులా ఇవాళ?" అన్నాడు పానకాలు.

"సగం తమరు జూన్లోనే గీశారు గదండీ. మిగిలింది నేను గీశా."

"చూశావా అమ్మా నోరు! నాకీ గట్టూ వద్దు, గడ్డీ వద్దు. మిషనే పెట్టు. మా నాయన పోయిన కాణ్ణుంచి ఈ గడ్డి ఇటు బలుస్తానే ఉంది. రెండు సాళ్ళ నేలన్నా మింగుంటాడు వీడు."

"గడ్డి కదలదమ్మాయ్," అన్నాడు యేసుపాదం ఆమెతో. "మీ మిషనుకు సెల్లు అయిపోద్ది. గట్టుకి సెల్లు లేదు. మా నాయనా, వాళ్ళ నాయనా తాడు పట్టి నాటిన గట్టు. దాని మీద రాళ్ళెయ్యి, చాలు."

గీతాంజలి ఇలాంటివి రోజూ వింటున్నదే. "చూడండి బాబాయ్. ఇద్దరూ ఒప్పుకుంటే ఉన్న గట్టు మీదే రాళ్ళేస్తాం. ఒక్కరు కాదన్నా పాత మ్యాపు ప్రకారమే వేస్తాం. ముందు పాయింట్ చూద్దాం, తర్వాత మీ ఇష్టం," అంది.

గట్టు చివర మునగచెట్టు కింద ఇంకొకడు బండి ఆపుకుని చూస్తున్నాడు. షానవాజ్. అతని పొలం వంతు రేపు. ఇవాళే వచ్చి ఎందుకు నిలబడ్డాడో యేసుపాదానికి అర్థమయింది.

ఇరవై రెండేళ్ళ కిందట షానవాజ్ అన్న చనిపోయాడు. వదిన జానీబీకి ఇద్దరు పిల్లలు. కాగితం ప్రకారం బావి షానవాజ్ వాటాలోకి పోతుంది. బావి లేకపోతే ఆమె పొలం ఎండినట్టే. పెద్దలు చెబితే షానవాజే ఒప్పుకుని, బావితో సహా ఆరు సాళ్ళ నేల వదిలి అవతలగా తాడు పట్టాడు. యేసుపాదం పిలకలు నాటాడు. జానీబీ పప్పు తెచ్చింది, షానవాజ్ భార్య అన్నం తెచ్చింది. అంతకుమించి ఎక్కడా రాత లేదు. ఆ గడ్డే రాత. ఇప్పుడు షానవాజ్ కొడుకులు పెద్దవాళ్ళయ్యారు, బావి అడుగుతున్నారు.

గీతాంజలి కడ్డీ పట్టుకుని నడిచింది. గట్టు దగ్గరికొచ్చింది. ఆగలేదు. దుబ్బుల సందులోంచి దాటి పానకాలు మిరపతోటలోకి దిగింది. ఎర్రపండిన కాయలు ఆమె చుడీదారుకు తగులుతున్నాయి.

"అమ్మా, అటు కాదు, ఇటు," అన్నాడు పానకాలు.

"ఇదేనండి పాయింట్." ఎర్రజెండా గుచ్చింది. నడుమ ఒకటి, ఆ కొసన ఒకటి. మూడూ ఒకే వరసలో, మూడూ మిరపతోట లోపల. టేపు పట్టి చూసింది. "వన్ పాయింట్ టూ. అంటే నాలుగడుగులు. గట్టు మీ వైపుకుంది బాబాయ్. ఈ నాలుగడుగులూ మీదే."

పానకాలు ముఖం కడిగిన పలకలాగా అయింది.

"మిషను ఎండకి వేడెక్కిందేమోనమ్మా," అన్నాడు చివరికి. "కాసేపు నీడన పెట్టు."

"వేడెక్కదండి."

"అయినా పెద్దలు పెట్టిన గట్టుండగా ఈ కడ్డీలేందమ్మా? గడ్డి కదలదని వాడే చెప్తన్నాడుగా ఇందాకణ్ణుంచి! ఏరా, చెప్పలా నువ్వు?"

యేసుపాదం వినలేదు. మంగయ్య బతికున్నప్పుడు ఎన్నిసార్లు అన్నాడు, వంటోడు మా నేలలోకి జరిపి నాటాడని! జక్రయ్య తలవంచుకుని వినేవాడు, మాట తిరగేసేవాడు కాదు. ఆయన చచ్చిపోయిన ఇన్నేళ్ళకు, ఎవరో మంగళగిరి పిల్ల వచ్చి మూడు జెండాలతో నిజం చెప్పింది. నాలుగడుగులు. కొస నుంచి కొస దాకా మూడు వందల ముప్పై అడుగులు. అందులో ఎన్ని పత్తిచెట్లు పడతాయో కూడా మనసులో వేసుకున్నాడు.

ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. గడ్డి కదలదు గదా. మరి నాయన ఎందుకు నాలుగడుగులు తక్కువలో నాటాడు? తన నేల తాను వదులుకునేంత వెర్రివాడా జక్రయ్య?

గునపం తెచ్చాడు. నడిమి జెండా దగ్గర, రెండు మిరపచెట్ల మధ్య కూర్చుని తవ్వాడు. "చెట్లు పోతయ్‌రా," అన్నాడు పానకాలు గానీ గొంతులో బలం లేదు. పైన జానెడు దుక్కి మట్టి, మెత్తగా వచ్చింది. దాని కింద నేల గట్టిపడింది. మూరెడు లోతున గునపానికి ఏదో పీచులా తగిలింది. వేళ్ళు పెట్టి తీశాడు. నల్లగా మాడిన మొదళ్ళు. చిటికెన వేలంత లావు, పట్టుకుంటే పొడి రాలుతున్నాయి, కిందికి మాత్రం బొరియల్లాగా నిట్టనిలువునా దిగిపోయాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చచ్చిన వేరుకు కూడా ఆ వాసన పూర్తిగా పోలేదు.

జక్రయ్య నాటిన వరస అది. సరిగ్గా జెండా కింద.

యేసుపాదం లేచి పక్కనే ఉన్న దుబ్బు వైపు చూశాడు, పుట్టి ఇన్నాళ్ళకు కొత్తగా చూస్తున్నట్టు. ముసలి దుబ్బు నడుమ చస్తుందనీ, చుట్టూ కొత్త పిలకలు వేసుకుని బతుకుతుందనీ అతనికి తెలియనిదా? చుట్టూ వేస్తుంది. అటువైపు వేసిన పిలకను ఏటా పానకాలు నాగలో, ట్రాక్టరో చెక్కేసింది. ఇటువైపు వేసిన పిలకకు తాను ఒండ్రు ఎగదోశాడు, నీళ్ళు కట్టాడు, ఆకు పరిచాడు. ఒక ఏడు అర అంగుళం, ఇంకో ఏడు రెండంగుళాలు. నలభై ఎనిమిది దుక్కులు. పాకని గడ్డి, కొట్టినవాడికి దూరంగా, సాకినవాడి పొలంలోకి జరిగి వచ్చింది. ఒక్క ఏడాది తాను బద్ధకించి ఊరుకున్నా ఇంత పోయేది కాదు.

పానకాలు వంగి గుంటలోకి చూశాడు. అతనూ రైతే. చూడగానే తెలిసింది.

"ఏం తేలిందన్నా?" మునగచెట్టు దగ్గర్నుంచి షానవాజ్ కేకేశాడు. "గట్టా, మిషనా?"

షానవాజ్ గట్టు వెంట నడిచి వస్తూ అన్నాడు. "దాపరికమెందుకు, నేను దానికోసమే వచ్చా. మావాళ్ళు బావి బావి అని నా ప్రాణం తీస్తన్నారు. నేను గట్టుకి కట్టుబడ్డానని చెప్తున్నా. నాటినోడే తన పొలంలో గట్టు తప్పని మిషను లెక్క పట్టుకుంటే, రేపు నేనేం చెప్పాలి వాళ్ళకి? నువ్వే చెప్పు."

మాటలో మోసం లేదు. అదే కష్టం. మోసముంటే తిట్టి పంపేవాడు.

యేసుపాదం గుంట పక్కన నిలబడ్డాడు. రొమ్ములో ఏదో పట్టేసినట్టుంది, గునపం ఆనుకుని గాలి పీల్చుకున్నాడు. షానవాజ్ ఇంకో పది అడుగులు వేస్తే గుంటలో ఏముందో కనబడుతుంది. గడ్డి నడుస్తుందని ఇవాళ ఈ పొలంలో తెలిస్తే రేపు జానీబీ బావి దగ్గర తెలుస్తుంది, ఎల్లుండి పదకొండు ఊళ్ళలో తెలుస్తుంది. నలభై మూడు గట్ల మీద తాను తిన్న అన్నం అంతా అబద్ధమవుతుంది. చెప్పకపోతే నాయన దొంగ కాడన్న సంగతి ఎవరికీ తెలియదు. ఇంకో మాట కూడా మనసులో మెదిలింది, పైకి చెప్పుకోలేనిది: వట్టివేరు గురించి తనకు తెలియనిది ఉందని ఒప్పుకోవాలి, అదీ పానకాలు ముందర.

గునపంతో మట్టి గుంటలోకి తోశాడు. ఎదురుగా పానకాలు, ఎవరూ చెప్పకుండానే, చెప్పుకాలితో ఆ మట్టిని తొక్కి చదును చేశాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"గడ్డి కదలదమ్మాయ్," అన్నాడు యేసుపాదం. "గట్టు మీదే వెయ్యి రాళ్ళు."

గీతాంజలి టోపీ పైకి నెట్టుకుంది. "బాబాయ్, మళ్ళీ ఆలోచించుకోండి. సంతకం పెట్టాక నేనేం చేయలేను."

"మీ మిషను మంచిదేనమ్మా. రాసుకో."

సంతకం ఒక్కో అక్షరం విడివిడిగా, అయిదో తరగతిలో నేర్చుకున్నట్టే పెట్టాడు. పానకాలు గీకేసి ఇచ్చాడు. షానవాజ్ చూసి, తలూపి, బండెక్కి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి గట్టు మీద నాలుగు రాళ్ళు పడ్డాయి.

బండి తీస్తూ పానకాలు ఆగాడు. "సాయంత్రం ఇంటికి రారా. టీ తాగిపోదువు."

"మీ ఇంటి ముద్ద ఎప్పుడూ గట్టు మీదకే వచ్చేదిగా. ఇక్కడికే పంపండి," అని యేసుపాదం పత్తిలోకి నడిచాడు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. పల్లెలో చర్చి మీదకు కాగితపు నక్షత్రం ఎక్కిస్తున్నారు, ఎవరో నిచ్చెన సరిగ్గా పట్టుకోవడం లేదని ఇంకెవరో తిడుతున్నారు. భార్య దేవకుమారికి సంగతి అప్పటికే చేరింది. చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా అడిగింది.

"నాలుగడుగులు వస్తుంటే వద్దన్నావంట?"

"ఊఁ."

"జానీబీ నీకేమవుద్ది?"

"ఏమీ కాదు. ఆమె పప్పు తిన్నా."

"పప్పు తిన్నాడంట! ఈ ఊళ్ళో ఎవరి పప్పు తినలేదు నువ్వు? మా మామ కళ్ళు పోగొట్టుకుని కొన్న నేల అది. ఆ పొగకి చచ్చేదాకా ఆయన కళ్ళల్లో కారిన నీళ్ళు నేను చూశా, నువ్వు చూశా."

"ఇవాళ ఇవ్వలేదే. ఎప్పుడో పోయింది అది. చూసుకోలా నేను."

ఆమెకు అర్థం కాలేదు. చేట విసురుగా పక్కన పెట్టి పొయ్యి దగ్గరకు పోయింది. యేసుపాదం చేతులు కడుక్కోకుండానే పంచలో నులకమంచం మీద నడుం వాల్చాడు. అరచేయి ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. లోపల్నుంచి దేవకుమారి ఇంకా అంటూనే ఉంది, పానకాలును కాసేపు, జానీబీని కాసేపు, తన రాతను కాసేపు. చర్చి దగ్గర దీపం వెలిగి పిల్లలు కేకలు వేశారు. వేడన్నం కంచంలో పెట్టుకుని బయటకు వచ్చి, "లే, కోపం నా మీదా, నీ మీదా?" అని భుజం తట్టింది. తట్టిన చేయి అక్కడే ఆగిపోయింది.

మర్నాడు షానవాజ్ పొలంలో రాళ్ళు గట్టు వెంటే పడ్డాయి. బావి జానీబీ వైపు ఉంది. ఆ మాట చెబుదామని ఆమె కొంగుతో చెమట తుడుచుకుంటూ పల్లెలోకి వచ్చేసరికి చర్చి గంట కొడుతున్నారు. ఎవరు పోయారని అడిగింది.

మార్చిలో గీతాంజలి కొత్త పాసు పుస్తకం తానే తీసుకొచ్చి దేవకుమారి చేతికిచ్చింది. యేసుపాదం, తండ్రి జక్రయ్య అని పేరు అచ్చయి ఉంది. ముందే అచ్చయిపోయిందనీ, ఆమె పేరుకు మార్చడానికి మళ్ళీ అర్జీ పెట్టాలనీ చెప్పింది. దేవకుమారి సరేనంది. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులోంచి తీయకుండానే కిటికీ గూట్లో పెట్టింది. పాత దాంట్లో ఒక ఎకరం ఇరవై సెంట్లు. ఇందులో, నున్నటి కొత్త కాగితం మీద, ఒక ఎకరం పదిహేడు సెంట్లు.